రాలిన పిందెల లెక్క
(మన చావుల చరిత్ర – 9వ భాగం)

పోయిన భాగంలో శ్మశాన భూముల గురించి మాట్లాడుకున్నాం. ఈ భాగం ఆ శ్మశానంలో అన్నిటికన్నా చిన్న గుంటల గురించి. పొడవు ఎక్కువే. పరీక్షలున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రేపు చదివినా సరే, వదిలెయ్యకండి.

నూజివీడు వైపు మామిడి రైతును ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారి కదిపి చూడండి. పూత ఎంత నిలిచింది, పిందె ఎంత రాలింది, ఎందుకు రాలింది అన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. తేనెమంచు పురుగు అంటాడు, బూడిద తెగులు అంటాడు, మబ్బు పట్టింది అంటాడు, తడి ముందే పెట్టాం అంటాడు. ఉద్యాన శాఖ వాళ్ళు వచ్చి కొమ్మ వంచి చూస్తారు. రాలిన పిందెకు ఇంత విచారణ ఉంది. ఉండాలి కూడా. ఆ తోటల మీద బతికేవాళ్ళలో మనమూ ఉన్నాం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం దాకా కాయ కోసేది, ఏరేది, మందు కొట్టేది, రాత్రిళ్ళు కాపలా పడుకునేది ఎక్కువగా పల్లె జనమే.

అదే పల్లెలో ఆర్నెల్ల బిడ్డ పోతే విచారణ ఒక్క మాటతో అయిపోయేది. "గాలి సోకింది." "దిష్టి తగిలింది." "పక్షి దోషం." కాస్త చదువుకున్న ఇంట్లో అయితే "జ్వరం వచ్చింది, పోయింది." తల్లికి మాత్రం ఇంకో మాట దొరికేది: "నీకు పెంచే రాత లేదు." ఎందుకు పోయింది అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు, దానికి జవాబు వెతికింది ఎవరు? ఈ భాగమంతా దాని గురించే.

ముందు లెక్క సంగతి చూద్దాం. ఊళ్ళో ఎవరు చనిపోయినా పొరుగూళ్ళకు చావు కబురు మోసింది మనవాళ్ళు. డప్పు కొట్టింది, గుంట తీసింది, కట్టెలు మోసింది మనవాళ్ళు. 1899లో మద్రాసు ప్రభుత్వం జనన మరణాల నమోదు చట్టం తెచ్చింది. రిజిస్టరు గ్రామ మునసబు దగ్గర ఉండేది. ఆయన ఇల్లిల్లూ తిరిగి రాసుకునే మనిషి కాదు. తలారి, వెట్టి తెచ్చిన కబురే ఆయనకు ఆధారం. చాలా ఊళ్ళలో వెట్టి అంటే మాల లేదా మాదిగ. అంటే ఊరందరి చావులూ సర్కారు పుస్తకంలోకి నడిచి వెళ్ళింది మన కాళ్ళ మీదే. మరి వెట్టివాడి సొంత గుడిసెలో పురిటి బిడ్డ పోతే? పేరు పెట్టకముందే పోయిన బిడ్డకు కర్మకాండ లేదు, బంధువులకు కబురు లేదు. అప్పుడు మునసబుకు మాత్రం ఎందుకు చెబుతారు? దహనం చేసే కులాల్లో కూడా పసిపిల్లల్ని పాతిపెట్టేవాళ్ళు. ఆ గుంటలు తీసిందీ మనమే కాబట్టి, ఊళ్ళో ఎందరు పసివాళ్ళు పోయారో ఆ రిజిస్టరు కంటే మన తాతల పారకే బాగా తెలుసు.

నమోదులో చాలా చావులు రావడం లేదని ఆ రోజుల్లో పారిశుద్ధ్య శాఖ నివేదికలే ఒప్పుకునేవి. 1969లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. పుట్టినా, పోయినా గడువులోపు చెప్పాలన్నారు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులు రద్దు చేసింది. పుస్తకం చేతులు మారింది. అయినా పురిట్లో పోయిన బిడ్డ ఆ పుస్తకంలోకి రావడం మాత్రం చాలా కాలం కుదరలేదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. పిల్లల చావుల మీద మన ఉద్యమం ఈమధ్యే మాట్లాడటం మొదలుపెట్టిందని కొందరు అనుకుంటారు. ఫూలే దంపతులు 1863లో పూణేలో బాలహత్య ప్రతిబంధక గృహం పెట్టారు. గర్భవతులైన వితంతువులు, అందులోనూ బ్రాహ్మణ వితంతువులు, పరువు కోసం పుట్టిన బిడ్డను చంపుకునే పరిస్థితి. అలాంటి వాళ్ళు అక్కడికి వచ్చి రహస్యంగా పురుడు పోసుకోవచ్చు, బిడ్డను అక్కడే వదిలి వెళ్ళొచ్చు. నీతి చెప్పడానికి పెట్టిన గృహం కాదది. బిడ్డ ఎందుకు చస్తోందో ముందు అర్థం చేసుకుని, ఆ కారణానికి అడ్డుపడిన పని. సావిత్రీబాయి 1897 ప్లేగులో ఒక మహర్ పిల్లవాణ్ణి వీపున వేసుకుని కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు చేర్చింది. పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుని మార్చి 10న కన్నుమూసింది.

బాబాసాహెబ్ తల్లిదండ్రులకు పద్నాలుగో సంతానం. ఆ పద్నాలుగు మందిలో పెరిగి పెద్దయింది ఐదుగురే. ఆయనకు, రమాబాయికి ఐదుగురు పిల్లలు. గంగాధర్, రమేష్, ఇందు, రాజరత్న నలుగురూ పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న 1926లో పోయాడు. మిగిలింది యశ్వంత్ ఒక్కడు. కొలంబియాలో, లండన్‌లో చదివిన మనిషి ఇంట్లో కూడా చావు పల్లెలో లాగానే నడిచింది. రెండేళ్ళ తర్వాత, 1928లో, బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు చర్చకు వచ్చినప్పుడు ఆయన దానికి మద్దతుగా మాట్లాడారు. పురుడుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి, దానికి డబ్బు ఇవ్వాలన్నది ఆ బిల్లు. నా ఉద్దేశంలో ఆ ప్రసంగాన్ని కార్మిక చట్టాల చరిత్రలో భాగంగా మాత్రమే చదవడం చాలదు, నలుగురు బిడ్డల్ని పూడ్చిన తండ్రి మాటగా కూడా చదవాలి. ఆ చట్టం ఫ్యాక్టరీ కూలీలకు వచ్చింది. మామిడి తోటలో కాయలేరే తల్లికి ఇప్పటికీ అలాంటి రక్షణ లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు అంది. 2017లో వచ్చిన పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000 చేసింది.

ఇక కారణాల సంగతి. "పక్షి దోషం" అని మన ముసలమ్మలు అన్నదాన్ని ఎగతాళి చేయకండి. పుట్టినప్పుడు బాగా ఏడ్చిన బిడ్డ, రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ, వారం లోపు నోరు బిగుసుకుని పాలు పట్టడం మానేస్తుంది. ఒళ్ళు కట్టెలా బిగుస్తుంది, ముట్టుకుంటే వణుకుతుంది. చూసినవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పి, దానికి తమకు తెలిసిన పేరు పెట్టారు. వైద్యం దాన్ని పసిపిల్లల ధనుర్వాతం అంటుంది. బొడ్డు కోసిన కొడవలి నుంచో, బొడ్డుకు పెట్టిన పేడ నుంచో, బూడిద నుంచో వచ్చే జబ్బు. తల్లికి టీకా వేసి, బొడ్డును శుభ్రమైన బ్లేడుతో కోస్తే రాదు. దేశంలో తల్లుల, పసిపిల్లల ధనుర్వాతాన్ని తొలగించిన మొదటి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌ను గుర్తించారు. మిగతా దేశానికి 2015 దాకా పట్టింది. ఈ విజయంలో ఏఎన్‌ఎంల పాత్ర ఉంది, ఆసుపత్రి కాన్పులు పెరగడం ఉంది. బ్లేడు వాడటం నేర్చుకున్న మంత్రసానులూ ఉన్నారు. వాళ్ళలో మన నాయనమ్మలు ఎందరో. జబ్బుకు కారణం మంత్రసాని అని నలభై ఏళ్ళు తిట్టినవాళ్ళు, జబ్బు పోయిన రోజు ఆమె పేరు ఎత్తలేదు.

కారణం తెలియకపోతే బిడ్డతో పోదు, ఇంకో ప్రాణమూ పోతుంది. బాణామతి అని, చేతబడి అని తెలుగు జిల్లాల్లో కొట్టి చంపిన మనుషుల్లో దళితులు, ఆదివాసులు, ఒంటరి ఆడవాళ్ళు ఎందరో. ఆ కథల్లో చాలావాటి వెనక కారణం తెలియని ఒక పసిపిల్ల చావు ఉంటుంది. కాబట్టి "ఎందుకు పోయింది" అన్న ప్రశ్న డాక్టర్లకు వదిలేసేది కాదు.

ఆ ప్రశ్నను పల్లె ఆడవాళ్ళ చేతికి ఇచ్చిన పెద్ద ప్రయత్నం మన పక్కనే, గోదావరి అవతల గడ్చిరోలిలో జరిగింది. అభయ్ బంగ్, రాణి బంగ్ అనే వైద్య దంపతులు 1986లో అక్కడ 'సెర్చ్' సంస్థ పెట్టారు. వాళ్ళు చేసిన మొదటి పని మందు పంచడం కాదు, లెక్కపెట్టడం. ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని ఊరి మనుషుల చేతే రాయించారు. బిడ్డ పోయిన ఇంటికి వెళ్ళి, తల్లి పక్కన కూర్చుని, ఎన్నో రోజున పాలు మానింది, ఒళ్ళు చల్లబడిందా కాలిందా, ఊపిరి ఎలా తీసింది అని అడిగి రాసుకున్నారు. శవాన్ని కోయకుండా మాటలతో చావుకు కారణం వెతికే పద్ధతి ఇది. ఇందులో ముఖ్యమైన సాక్షి తల్లి. "చదువురాని దానివి, నీకేం తెలుసు" అని అప్పటిదాకా అందరూ నోరు మూయించిన తల్లి.

ఆ మాటల్లోంచి బయటపడిన మొదటి హంతకి న్యుమోనియా. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, అయిదేళ్ళ లోపు పిల్ల 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదం అని వైద్యం చెబుతుంది. అంకెలు రాని మనిషి 60 ఎలా లెక్కపెట్టాలి? ఒక నిమిషపు ఇసుక గడియారం, పూసలు జరిపే చిన్న చట్రం తయారుచేశారు. పది ఊపిరులకు ఒక పూస. పూసలు అయిపోయినా ఇసుక ఇంకా రాలుతుంటే మందు మొదలుపెట్టు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన పరికరం ఇది. చదువు లేకపోవడాన్ని వంకగా చూపకుండా, చదువు లేని చేతికి సరిపోయే పనిముట్టు చేశారు.

తర్వాత పురిటి బిడ్డల వంతు. 39 ఊళ్ళలో పని చేశారు, పోల్చడానికి 47 ఊళ్ళు వదిలారు. 1995 నుంచి మొదటి ఏడాది కేవలం చూసి రాసుకున్నారు. ఎక్కువ మందిని చంపుతున్నది ఒళ్ళంతా పాకే ఇన్‌ఫెక్షన్ అని తేలింది. తర్వాత 'ఆరోగ్యదూత్' అనే ఊరి ఆడవాళ్ళకు బిడ్డను వెచ్చగా చుట్టడం, తూకం వేయడం, ముర్రుపాలు పట్టించడం, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి ఊదడం, చివరికి సూదిమందు వేయడం కూడా నేర్పారు. మూడో ఏడాదికి పురిటి బిడ్డల చావులు 62 శాతం తగ్గాయి. 1999 డిసెంబరులో 'లాన్సెట్' పత్రిక అచ్చువేసింది. ఇప్పుడు మన ఆశా అక్క కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డను చూస్తుంది కదా, ఆ రాకపోకలకు మూలం గడ్చిరోలి. 2011లో దాన్ని దేశమంతటా పెట్టారు. మన ఊళ్ళో బ్యాగు తగిలించుకుని తిరిగే అక్కను చూసి "పారితోషికం కోసం తిరుగుతోంది" అనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

గడ్చిరోలి వాళ్ళు, మహారాష్ట్రలో ఇతర సంస్థలు కలిసి 2001లో ఒక నివేదిక తెచ్చారు. పేరు 'కోవళీ పానగళ్'. మరాఠీలో లేత ఆకులు రాలడం అని. ప్రభుత్వం చూపించే పిల్లల చావుల కన్నా నిజంగా జరిగేవి ఎన్నో రెట్లు ఎక్కువని అది బయటపెట్టింది. మనం దాన్ని తెలుగు చేస్తే పిందె రాలడం అనాలేమో.

మన దగ్గర ఏమీ జరగలేదా అంటే జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ ప్రాంతంలో 464 ఊళ్ళలో, 2008 నుంచి 2011 దాకా, నాంది ఫౌండేషన్, విదేశీ పరిశోధకులు కలిసి ఒక ప్రయోగం చేశారు. సగం ఊళ్ళలో ఊరి ఆరోగ్య కార్యకర్తలు, ఆడవాళ్ళ సమావేశాలు, అత్యవసరంలో ఆసుపత్రికి బండి, వైద్యం ఖర్చు ఏర్పాటు చేశారు. ఆ ఊళ్ళలో నెలలోపు బిడ్డల చావులు మిగతా ఊళ్ళ కన్నా 24 శాతం తక్కువ. నూజివీడుకు ఇంకా దగ్గరగా, గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2003–04లో ఒక ఏడాదిలో జరిగిన 1,354 చావులకు ఊరి ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ తిరిగి కారణాలు రాశారు. అది ముఖ్యంగా పెద్దవాళ్ళ గుండె జబ్బుల మీద పని. ఆ ఊళ్ళలో పనిచేసిన బైర్రాజు ఫౌండేషన్ సత్యం రామలింగరాజు గారి కుటుంబానిది. కంపెనీ లెక్కలు తప్పుగా రాసి జైలుకెళ్ళిన ఇంటి సంస్థ, ఊళ్ళో చావుల లెక్కలు మాత్రం ఒప్పుగా రాయించింది. చరిత్రలో ఇలాంటివి ఉంటాయి.

ఝార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ఊళ్ళలో 'ఏక్‌జుట్' సంస్థ ఇంకా చౌకగా చేసింది. నెలకోసారి ఆడవాళ్ళ సమావేశం, బొమ్మల కార్డులు, కథలు. ఈ నెల మన ఊళ్ళో ఏ బిడ్డ పోయింది, ఎందుకు, ఏం చేస్తే ఆగేది? అంతే. మందుల్లేవు, సూదుల్లేవు. రెండు, మూడో ఏళ్ళలో పురిటి చావులు 45 శాతం తగ్గాయి. మన డ్వాక్రా సమావేశాలు నెలనెలా జరుగుతూనే ఉన్నాయి. వాటిలో అప్పు వాయిదా గురించి తప్ప వేరే మాట వినపడదు.

లెక్క, కారణం పక్కపక్కన లేకపోతే ఏమవుతుందో 2003 చూపించింది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి రాష్ట్రంలో పిల్లలకు హఠాత్తుగా జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం. చాలామంది ఆసుపత్రికి చేరిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. ముందు అందరూ జపనీస్ మెదడువాపు అన్నారు. నీలోఫర్ వైద్యులు కొందరు ఇది మెదడువాపులా లేదు, మెదడుకు రక్తం ఆగినట్టుంది అని వాదించారు. చివరికి పూణే వైరాలజీ సంస్థ చాందీపురా వైరస్ అని చెప్పింది. నాగపూర్ దగ్గరి ఊరి పేరుతో 1965 నుంచీ తెలిసిన వైరసే. మోసేది ఇసుక ఈగ. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల తడిలో బతుకుతుంది. ఎవరి ఇంటి గోడకు పగుళ్ళుంటాయో వేరే చెప్పాలా? 2024లో గుజరాత్‌లో అదే వైరస్ మళ్ళీ పిల్లల్ని చంపింది. ఇప్పటికీ టీకా లేదు.

మెదడువాపు అనగానే అధికారులకు ముందు కనిపించేది పంది. జపనీస్ మెదడువాపులో పంది పాత్ర ఉన్నమాట నిజం, దాని ఒంట్లో వైరస్ పెరుగుతుంది. కానీ ఆ వైరస్ కొంగల్లో ఉంటుంది, దోమలో ఉంటుంది, ఆ దోమ వరిమడిలో పుడుతుంది. వరి రైతును ఊరి బయటికి తరిమిన అధికారి లేడు. ఎరుకల వాళ్ళ పందుల దొడ్డికే నోటీసు వెళుతుంది. పిల్లల చావు కూడా ఒక కులం మీద నేరంగా ఎలా మారుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు తోటల దగ్గరికి వద్దాం. బిహార్‌లో ముజఫర్‌పూర్ లిచీ తోటల ప్రాంతం, మనకు మామిడిలాగా. 1995 నుంచి ప్రతి వేసవిలో, పండు కోతల రోజుల్లోనే, తెల్లవారుజామున పిల్లలు ఫిట్స్‌తో పడిపోయేవాళ్ళు. వైరస్ అన్నారు, ఎండదెబ్బ అన్నారు, పురుగుమందు అన్నారు. 2014లో మే 26 నుంచి జులై 17 లోపు రెండు ఆసుపత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు, 122 మంది పోయారు. ఆ ఏడాది పరిశోధకులు జబ్బుపడ్డ 104 మందినీ, పడని 104 మందినీ పోల్చి ఇళ్ళలో అడిగారు. లిచీ తిన్నాడా? ముందు రోజు రాత్రి అన్నం తిన్నాడా? జవాబు ఆ రెండో ప్రశ్నలో దొరికింది. లిచీలో ఒక సహజ విషం ఉంది. ఒంట్లో నిల్వ ఉన్న శక్తిని చక్కెరగా మార్చుకోనివ్వదు. రాత్రి కడుపునిండా తిన్న పిల్లకు ఆ పండుతో ఏమీ కాలేదు. రాలిన పండ్లు తిని, రాత్రి అన్నం లేకుండా పడుకున్న బక్క పిల్లకు తెల్లారేసరికి రక్తంలో చక్కెర పడిపోయింది. పోయిన పిల్లల్లో చాలామంది ముసహర్లు, ఇతర పేద కులాల వాళ్ళు. పిల్లల్ని రాత్రి అన్నం లేకుండా పడుకోనివ్వకండి, జబ్బు కనిపించగానే గ్లూకోజ్ ఎక్కించండి అన్న రెండు మాటలతో తర్వాతి ఏళ్ళలో చావులు బాగా తగ్గాయి. 2019లో మళ్ళీ 150 మందికి పైగా పోయారు. పండు మారలేదు. రాత్రి అన్నం మళ్ళీ తప్పింది.

నూజివీడు తల్లులు ఇది చదివి భయపడొద్దు. లిచీ మన కుంకుడు చెట్టు కుటుంబంది. మామిడిలో ఆ విషం లేదు. చిన్నరసం పిల్లలకు పెట్టండి. భయపడాల్సింది వేరే ఉంది. కోతల రోజుల్లో అమ్మ పొద్దున్నే తోటకు వెళితే రాత్రికి గాని రాదు. అంగన్‌వాడీకి వేసవిలో పిల్ల వెళ్ళదు. కాపలా గుడిసెలో ఉన్న కుటుంబం ఏ ఊరి అంగన్‌వాడీ లెక్కలోకీ రాదు. ఆ గుడిసెలో పురుగుమందు డబ్బా కడిగి నీళ్ళు పట్టుకుంటారు. 2013 జులై 16న బిహార్ ఛప్రా దగ్గర బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన కూర వల్ల. ఆ మందు పేరు మన తోటల్లో ఎవరికి తెలియదు? 2016లో మన సరిహద్దులో, మల్కన్‌గిరిలో సుమారు వంద మంది ఆదివాసీ పిల్లలు పోతే ముందు మెదడువాపే అన్నారు. వేలూరు వైద్యుడు జాకబ్ జాన్ బృందం వెళ్ళి కసివింద గింజలు అన్నది. మన రోడ్డు పక్కన పెరిగే కసివిందే. ఆకలేసిన పిల్ల దొరికింది నోట్లో పెట్టుకుంటుంది.

ఈ మొత్తాన్ని ఒక్క అంకెల వరసలో చూడాలంటే 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయండి. దేశంలో పుట్టిన వెయ్యి మందిలో నెలలోపు పోయిన బిడ్డలు ఎస్సీల్లో 46, ఎస్సీ, ఎస్టీ, బీసీ కాని ఇతరుల్లో 34 పైన. తేడా మూడో వంతు. అదే ఏడాది నిండి అయిదేళ్ళ లోపు పోయిన పిల్లలు ఎస్సీల్లో 23, ఇతరుల్లో 11. తేడా రెట్టింపు. పురిటి చావుకు కాన్పు కష్టం అనో, నెలలు నిండలేదనో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఏడాది దాటి నడక నేర్చిన బిడ్డ దేనితో పోతుంది? విరేచనాలు, న్యుమోనియా, తట్టు, ఆకలి. వీటన్నిటికీ మందు ఉంది, అన్నం ఉంది. బిడ్డ పెరిగే కొద్దీ కులం తేడా కూడా పెరిగింది. రాష్ట్రంలో శిశు మరణాలు తగ్గాయి. ఏడాదిలోపు పోయేవాళ్ళు అదే సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి 54, 2019–21 సర్వేలో ఇప్పటి ఆంధ్రలో 30. సంతోషమే. కానీ ప్రభుత్వం ఏటా ప్రకటించే శిశు మరణాల బులెటిన్‌లో ఊరు, పట్నం, ఆడ, మగ అని ఉంటుంది. కులం ఉండదు. పాత వెట్టివాడి గుడిసె ఆ పట్టికలో ఇప్పటికీ లేదు.

కాబట్టి చట్టంలో, ఉత్తర్వుల్లో మనకున్నవి గట్టిగా పట్టుకోవాలి. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో చెప్పింది: కొత్త అంగన్‌వాడీలు పెట్టేటప్పుడు ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలి. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, అడిగిన మూడు నెలల్లో పెట్టాలి. "అడిగిన" అన్న మాట చూడండి. అడిగినట్టు కాగితం మన దగ్గర ఉండాలి, దాని మీద తేదీ, స్టాంపు ఉండాలి. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ పిల్లల మరణాల సమీక్షకు మార్గదర్శకాలు ఇచ్చింది. అయిదేళ్ళలోపు పిల్ల ఎక్కడ పోయినా ఆశా కబురివ్వాలి, ఏఎన్‌ఎం ఇంటికి రావాలి, తల్లిని అడిగి కారణం రాయాలి. ఆ ఫారం నిండిందా లేదా అని పీహెచ్‌సీలో అడిగే హక్కు మనకుంది. ఆశా అక్కతో గొడవ పడకండి. ఆమె కూడా మన పల్లె మనిషే అయ్యుంటుంది, పైనుంచి "మీ ఏరియాలో చావులు చూపించొద్దు" అన్న ఒత్తిడి ఆమెకే ఎక్కువ. ఆమె పక్కన నిలబడి అడగండి.

ఇంకో మాట, ఫారంలో చోటు లేని ప్రశ్నలు మన నోటుబుక్కులో ఉండాలి. ముందు రోజు రాత్రి ఏం తిన్నాడు. ఎవరి దగ్గర వదిలి పనికి వెళ్ళారు. మొదట ఎవరికి చూపించారు, ఎంతసేపు బయట కూర్చోబెట్టారు, డాక్టరు బిడ్డను ముట్టుకుని చూశాడా. చివరిది ఊరికే రాయడం లేదు. గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లలతో మాట్లాడి చేసిన ఒక అధ్యయనంలో, ఆరోగ్య సిబ్బంది మందు ఇచ్చేటప్పుడు తమను ముట్టుకోరని ఆ పిల్లలే చెప్పారు. ముట్టుకోకుండా జ్వరం ఎలా చూస్తారు, డొక్కలు ఎగరేయడం ఎలా పట్టుకుంటారు? మన దగ్గర అలా లేదంటే మంచిదే, అడిగి రాసుకుని అప్పుడు అందాం.

ఏప్రిల్‌లో కోతలు మొదలవుతాయి. ట్రిపుల్ ఐటీలో, నూజివీడు కాలేజీల్లో చదివే మన పిల్లలు ఆదివారం ఒక తోట చొప్పున కాపలా గుడిసెలు లెక్కపెడితే, ఆరేళ్ళ లోపు పిల్లలు ఎందరు, ఏ అంగన్‌వాడీలో పేరుంది, పురుగుమందు డబ్బాలు ఎక్కడ ఉన్నాయి, ఈ మూడూ రాసుకుంటే, ఆ జాబితాతో ఐసీడీఎస్ ఆఫీసుకు వెళదాం. వెళ్ళేటప్పుడు గుడిసెలో తల్లిని కూడా తీసుకెళదాం. ఆమె మాట్లాడాలి.

వచ్చే భాగం మంత్రసానుల మీద. మీ అమ్మమ్మో, నాయనమ్మో పురుళ్ళు పోసి ఉంటే ఆమెతో కూర్చోండి. ఊళ్ళోవాళ్ళు ఆమెను ఏ గుమ్మం దాకా రానిచ్చారు, బొడ్డు కోశాక స్నానం చేయించి లోపలికి రానిచ్చారా లేదా, కూలి గింజల్లో ఇచ్చారా డబ్బులో ఇచ్చారా, ఆమె చేతుల్లో పోయిన బిడ్డల గురించి ఏమనుకుంటుందో అడిగి రాసి పంపండి. పేరు వద్దంటే రాయను.